ఖాళీకి ఖాతరీ

అచ్చియ్యమ్మ ఇంట్లో మధ్య పోర్షను ఖాళీ అయిన సంగతి రైసుమిల్లు వీధిలో అందరికీ తెలుసు. బడిపంతులు మంచాలూ బీరువా ట్రాక్టరు మీదికి ఎక్కించడం వీధంతా చూసింది. పంతులు భార్య వంటగది గూట్లో మరిచిపోయిన జాడీ మూత కోసం మళ్లీ రిక్షాలో రావడం కూడా, ఎదురింటి మంగాయమ్మ ఇడ్లీ రేకులు తోముతూ చూసింది. తెలియనిదల్లా తాటిమెరక పురపాలక సంఘానికే.

ఆ ఇల్లు అచ్చియ్యమ్మ భర్త లారీ తోలి కట్టించినది. మూడు పోర్షన్లూ రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందు దాంట్లో ఎరువుల కొట్టు గుమస్తా, వెనక దాంట్లో ఆమె. ఆయన పోయిన కొత్తలో ఆమె అద్దె కాగితాల మీద వేలిముద్ర వేసేది. అలా వేసిన ఒక ముద్ర, బావిలో మోటారు ఎన్నిసార్లు కాలినా ఖర్చంతా ఇంటావిడే పెట్టుకుంటుందని ఒప్పుకున్నట్టు తర్వాత తేలింది. మర్నాడే పలకా బలపం కొనుక్కుని పెద్దవాళ్ల బడిలో చేరింది. అప్పటికి ఆమెకు యాభై ఆరు. ఇప్పుడు అరవై రెండు. చదువు వచ్చింది గాని వేగం రాలేదు. కాగితం మీద వేలు ఆనించి, మాట మాటకీ ఆగి చదువుతుంది. గబగబా చదివేవాళ్లకు లేని ఇబ్బంది ఒకటి అందువల్ల ఆమెకు ఏర్పడింది. మధ్యలో వదిలిపెట్టి చివరికి దూకడం ఆమెకు చేతకాదు.

ఇల్లు అద్దెకివ్వడంలో ఆమెకు కొన్ని కట్టుబాట్లుండేవి. ఏడాదిలో పదకొండు నెలల అద్దె తనది. పన్నెండో నెలది ఇంటిది. అది పాలడబ్బాలో వేసి గూట్లో పెడుతుంది. సున్నానికీ, కుళాయికీ, కప్పు చెమ్మకీ ఆ డబ్బాలోంచే తీయాలి. అందులో లేకపోతే గోడ ఆగాలి. ఇంకొకటి, ఎక్కువ ఇస్తానన్న తగువులమారి కన్నా నాలుగు వందలు తక్కువిచ్చే నెమ్మదైన మనిషి మేలు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఆషాఢంలో ఇల్లు ఖాళీ కాకుండా చూసుకోవాలి. ఆషాఢంలో ఎవరూ కొత్తింట్లో పాలు పొంగించరు. శ్రావణం వచ్చేదాకా గోడలు చూస్తూ కూర్చోవాలి.

పంతులుగారికి సరిగ్గా ఆషాఢం మొదట్లోనే బదిలీ అయింది.

అయితే అచ్చియ్యమ్మ అదృష్టం పండి పెద్దాసుపత్రి నర్సు రత్నకుమారి ఆ సాయంత్రమే వచ్చింది. ఆమె ఉంటున్న ఇల్లు అమ్మేశారు. కూతుర్ని తీసుకుని తోటి నర్సు ఇంట్లో ఒక గదిలో సర్దుకుంటోంది.

"మాకు ఆషాఢం పట్టింపు లేదు పెద్దమ్మా. ఆదివారం పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు, అంతే. ఇల్లు నచ్చింది. ఒకటో తారీకు జీతం, రెండో తారీకు మీ అద్దె," అంది.

అలా మాట్లాడిన మనిషిని అచ్చియ్యమ్మ ముప్పయ్యేళ్లలో ఇద్దర్ని చూసింది. ఒకాయన పోయాడు, రెండో ఆయన సొంతిల్లు కట్టుకున్నాడు. ఈ పిల్లను వదులుకోకూడదని అప్పుడే నిశ్చయించుకుంది. గోడలకు సున్నం వేయించి శుక్రవారం తాళం ఇస్తానంది.

గురువారం పొద్దున్న గుమ్మం ముందు సైకిలు ఆగింది. దాని మీంచి చంకలో చాపచుట్ట, హ్యాండిలుకు బకెట్టు, వెనక కిరసనాయిలు స్టవ్వుతో ముప్పయ్యేళ్ల మనిషి దిగాడు.

"నమస్కారం మామ్మగారూ. నా పేరు కూర్మారావండి. పురపాలక సంఘంలో ఖాళీ పరిశీలకుణ్ణండి," అన్నాడు.

"ఖాళీగా ఉన్నవాళ్లను పరిశీలిస్తావా బాబూ?"

"ఖాళీగా ఉన్న ఇళ్లనండి."

కూర్మారావు అరుగు మీద కూర్చుని నెమ్మదిగా విషయం చెప్పాడు. కిందటేడు ఆరో వార్డులో ఒక పెద్దమనిషి ఒకే ఇంటికి రెండు కుటుంబాల దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్నాడు. ఒకే ముహూర్తానికి రెండు ట్రాక్టర్లు వచ్చాయి. ఒకే వంటగదిలో రెండు పొయ్యిల మీద పాలు పొంగాయి. కమిషనరు అనంతపద్మనాభంగారు ఆ గొడవను మూలం దాకా విచారించి, ఇల్లు ఖాళీగా ఉన్నదీ లేనిదీ ప్రభుత్వానికి అధికారికంగా తెలియకపోవడమే దీనికంతటికీ కారణమని తేల్చారు. ఆ పెద్దమనిషిని ఏమీ అనలేదు గాని పథకం ఒకటి పెట్టారు. దాని పేరు 'ఖాళీకి ఖాతరీ'. ఇకమీదట ఏ ఇల్లయినా ఖాళీ అని పురపాలక సంఘం ఖాతరీ పత్రం ఇచ్చేదాకా అద్దెకు ఇవ్వరాదు.

"మా ఇల్లు ఖాళీ అయిందని మీకెవరు చెప్పారు?"

"తొమ్మిదో నిబంధనండి. ఏ కట్టడమైనా, ఎవరిదైనా, ఖాళీగా కనబడితే ఏ పౌరుడైనా తెలియజేయొచ్చు. తెలియజేశారు."

ఎదురుగా మంగాయమ్మ ఇడ్లీ పిండి గిన్నెలోకి తల దూర్చింది. తర్వాత అడిగితే, "వాళ్లే ఎవర్నో అద్దెకు చూసి పెడతారనుకున్నాను వదినా. పథకం అన్నారు కదా," అంది.

కూర్మారావు దరఖాస్తు ఇచ్చాడు. అచ్చియ్యమ్మ వేలు పెట్టి చదివి, వేలు పెట్టి రాసింది. యజమాని పేరు. కట్టడం వివరం. గదులు రెండు, వంటగది ఒకటి. నాలుగో ప్రశ్న దగ్గర ఆగింది. 'సదరు గృహము ఖాళీగా ఉన్నదనుటకు గృహమునందు గల సాక్ష్యాధారములేవి?'

"ఇంట్లో ఏమైనా ఉంటే ఖాళీ ఎలా అవుతుంది?" అంది.

"ఈ ప్రశ్న దగ్గర అందరూ ఆగుతారండి. అందుకేనండి పరిశీలన పెట్టారు. పదిహేను రోజులు, పగలూ రాత్రీ, ఎడతెరిపి లేకుండా లోపల ఉండి చూడాలి. గంట గంటకీ పుస్తకంలో రాయాలి." చాప విప్పుకుంటూ కూర్మారావు లోపలికి నడిచాడు. "గాలి బానే వస్తందండి."

అచ్చియ్యమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. చాప పరిచాడు. స్టవ్వు వెలిగించాడు. చొక్కా విప్పి పంతులు కొట్టిన మేకుకు తగిలించాడు. పుస్తకం తీసి 'ఉదయం తొమ్మిది గంటలు. గృహము ఖాళీగా ఉన్నది' అని రాసుకున్నాడు.

"బాబూ, నువ్వున్నావు కదా లోపల."

"నేను ఉన్నట్టు లెక్క కాదండి. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణలో ఉన్నప్పుడు లేనట్టే లెక్క. ఆరో నిబంధనండి."

ఆమె పురపాలక సంఘం ఆఫీసుకు ఇంటిపన్ను కోసం ఏటా వెళ్లిన మనిషి. ఆ నిబంధన తనకు కొత్త కాదనిపించింది.

రత్నకుమారికి పదిహేను రోజులు ఆగమని కబురు పెట్టింది. ఆ పిల్ల సరేనంది.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. కూర్మారావు నెమ్మదస్తుడు. పొద్దున్నే ముగ్గు తొక్కకుండా నడిచేవాడు, మంగాయమ్మ దగ్గర రెండు ఇడ్లీలు తినేవాడు, గంటకోసారి ఇల్లు ఖాళీగా ఉందని రాసుకుని పడుకునేవాడు. అయిదో రోజున పర్యవేక్షణాధికారి త్రినాథరావు తనిఖీకి వచ్చాడు. తలుపు తోశాడు. లోపల కూర్మారావు వంకాయ వేయిస్తున్నాడు.

త్రినాథరావు గుమ్మం అవతలే ఆగిపోయాడు. "ఈ గృహమునందు మనిషి ఉన్నాడు," అన్నాడు.

"నేనే సార్."

"నువ్వని నాకు తెలుసునయ్యా. తనిఖీకి తెలియదు. తనిఖీ దృష్టిలో ఒక వ్యక్తి, ఒక స్టవ్వు, వంకాయలు. వంకాయల విషయంలో ఆరో నిబంధన మౌనంగా ఉంది."

ఇద్దరూ చాప మీద కూర్చుని, వంకాయకూర తింటూ, చాలాసేపు చర్చించారు. పరిశీలకుడు లేనట్టే లెక్క అన్నది నిజమే. కానీ అతడు లేడని ఎవరు చూశారు? అతడు లేకపోవడాన్ని కళ్లారా చూసి సంతకం పెట్టే మనిషి ఉండాలి. ఆ సాయంత్రం త్రినాథరావు మడతమంచం, ఆవకాయ జాడీ రిక్షాలో దిగాయి. పదిహేను రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది.

"ఇదేం లెక్క బాబూ?" అని అచ్చియ్యమ్మ అడిగింది.

"గదికి ఒకరు చొప్పున ఉండాలని నాలుగో నిబంధనమ్మా. మీకు రెండు గదులు, వంటగది. ఇంకా ఒకరు తక్కువే ఉన్నాం. మీరు ఫిర్యాదు చేయకుండా సర్దుకుంటున్నందుకు సంతోషం," అన్నాడు త్రినాథరావు.

వంటగదికి నీళ్ల విభాగం గుమస్తా వచ్చాడు. ముగ్గురూ రోజూ పుస్తకాలు రాస్తున్నారు గనక, ఆ పుస్తకాలు పెట్టడానికి బీరువా వచ్చింది. బీరువా తాళాలకు రికార్డు గుమస్తా వచ్చాడు. అతను లేని ఆఫీసులో ఏ కాగితమూ కదలక, కాగితాలు కావలసిన మిగతా గుమస్తాలు ఒక్కొక్కరే ఇక్కడికి రాసాగారు. పన్ను కట్టే జనం గుమస్తాల వెనకే వచ్చి అరుగు మీద వరస కట్టారు. మంగాయమ్మ రెండో పొయ్యి వెలిగించింది, పెసరట్టు మొదలెట్టింది.

"వదినా, నీ ఇల్లు ఎంత ఖాళీ అయితే నా పెనం అంత నిండుతోంది. నువ్వు తొందరపడకు," అంది.

"నా నూతిలో నీళ్లతో రుబ్బుతున్నావు కదే ఆ పప్పు."

"మరి మీ ఇంటికొచ్చినవాళ్లకే కదా పెడుతున్నాను."

పదో రోజుకు మనుషులు పదిమంది అయ్యారు. పదిమందీ ఏడింటికల్లా స్నానాలు చేసి తొమ్మిదింటికి ఇల్లు ఖాళీగా ఉందని రాస్తున్నారు. పదకొండో రోజున మోటారు కాలింది.

అచ్చియ్యమ్మ పాలడబ్బా దించి మంచం మీద పెట్టుకుని ఆలోచించింది. అందులో ఉన్నది కప్పు చెమ్మకు. మోటారుకు పెడితే కప్పు ఈ వానలకూ కారుతుంది. కప్పుకు పెడితే ఇంట్లో నీళ్లు లేవు. కప్పు కారితే కింద గిన్నె పెట్టుకోవచ్చు, నీళ్లు లేకపోతే ఎరువుల కొట్టు గుమస్తా కుటుంబం కూడా ఖాళీ చేస్తుంది, అప్పుడు ముందు పోర్షనుకు ఇంకో పదిమంది పరిశీలకులు వస్తారు. మోటారు చేయించింది.

చేయించిన సాయంత్రమే ఆమెకు నోటీసు వచ్చింది. నీళ్ల విభాగం గుమస్తా, అప్పుడే తల తుడుచుకున్న తువ్వాలు భుజాన వేసుకుని, మధ్య పోర్షను లోంచి వెనక పోర్షనుకు పది అడుగులు నడిచొచ్చి అందించాడు. ఆమె వేలు ఆనించి చదివింది. 'మీ ఖాళీ గృహమునందు నీటి వినియోగము మితిమీరి యున్నది. ఎవరును నివసించని చోట ఇంత నీరు ఎట్లు ఖర్చయినదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చునది.'

"మీ జుట్టు ఇంకా కారుతోంది బాబూ," అంది.

"అది నా వ్యక్తిగతమండి. నోటీసు ఆఫీసుది," అన్నాడు గుమస్తా.

అద్దె అడగాలని ఆమెకు తోచకపోలేదు. త్రినాథరావును అడిగింది కూడా. ఆయన చెవులు మూసుకున్నాడు.

"ఆ మాట నా ముందు అనకండమ్మా. మీరు అద్దె తీసుకున్నారా, ఇది అద్దె ఇల్లవుతుంది. అద్దె ఇల్లు ఖాళీ ఇల్లు కాదు. మీ పత్రం రద్దు. మీ మేలు కోరి చెబుతున్నాను."

పన్నెండో రోజున కమిషనరుగారే జీపు దిగారు. చేతిలో బ్రీఫ్‌కేసు, వెనక డ్రైవరు చేతిలో దిండు. మధ్య పోర్షను కిక్కిరిసి ఉంది. కమిషనరు గుమ్మంలో నిలబడి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, తృప్తిగా తల ఊపారు.

"అద్భుతం. ఇంత సమగ్రమైన ఖాళీని నేను సర్వీసులో చూడలేదు," అన్నారు. "శూన్యాన్ని నిర్ధారించడం సామాన్యం కాదమ్మా. ఉన్నదాన్ని ఎవరైనా చూపిస్తారు. లేనిదాన్ని చూపించడానికి యంత్రాంగం కావాలి. మీ గృహం మాకు నమూనా. జిల్లా స్థాయిలో ప్రదర్శిస్తాం."

"నాకు ప్రదర్శన వద్దు బాబూ. ఇల్లు కావాలి."

"ఇల్లు మీదే కదమ్మా. ఖాళీ మాత్రమే మాది."

ఆ మధ్యాహ్నమే రత్నకుమారి వచ్చింది. డ్యూటీ దిగి, ఆసుపత్రి చీరతోనే, కూతుర్ని వెంటపెట్టుకుని వచ్చింది. కిటికీ చువ్వల్లోంచి చూసింది. లోపల ముగ్గురు భోజనం చేస్తున్నారు, ఒకాయన గడ్డం గీసుకుంటున్నాడు, ఇద్దరు బీరువాకు చేరగిలబడి నిద్రపోతున్నారు.

"వీళ్లెవరు పెద్దమ్మా?"

"ఎవరూ లేరమ్మా. ఖాళీ," అంది అచ్చియ్యమ్మ. ఇన్ని రోజుల అలవాటు మీద ఆ మాట దానంతటది వచ్చేసింది. తర్వాత సిగ్గుపడింది.

రత్నకుమారి అరుగు మీద కూర్చుంది. "నేను ఆగగలిగితే ఆగుదును. మేముంటున్న సరోజిని అక్క ఇంట్లో వాళ్లాయన మాటలు పడలేకపోతున్నాను. పిల్ల చదువుకోవడానికి దీపం కింద చోటు లేదు. కాలవ అవతల ఒక ఇల్లు చూశాను. మన తాటిమెరకది కాదు, పంచాయతీది, ఈ పత్రాలు అక్కర్లేదంట. గాలీ వెలుతురూ లేదు, అద్దె ఎక్కువ. వచ్చే సోమవారం అడ్వాన్సు ఇస్తానని చెప్పాను. సోమవారం పొద్దున్న ఒకసారి ఇటొచ్చి చూసి వెళ్తాను పెద్దమ్మా. అంతకన్నా నా చేతుల్లో లేదు."

వెళ్లేటప్పుడు అచ్చియ్యమ్మ చేయి పట్టుకుని నాడి చూసింది. "ఉప్పు తగ్గించండి," అంది.

అచ్చియ్యమ్మ గేటు దగ్గరే కాసేపు నిలబడింది. ఇన్నేళ్లలో అద్దెకుండేవాళ్లు ఆమె గోడలు చూశారు, కుళాయి చూశారు, గేటు చూశారు. నాడి చూసినవాళ్లు లేరు. ఆ ఇంట్లో దిగితే ఈ పిల్లే దిగాలి.

శుక్రవారం ఆమె కమిషనరు దగ్గర నిలబడి అర్జీ ఇచ్చింది. ఆయన పుచ్చుకోలేదు.

"ఇక్కడ నేను పరిశీలనలో ఉన్నానమ్మా. ఆరో నిబంధన ప్రకారం లేనట్టే లెక్క. లేని మనిషికి అర్జీ ఎలా ఇస్తారు? పనివేళల్లో ఆఫీసుకు వచ్చి ఇవ్వండి."

"అక్కడ ఎవరుంటారండి?"

"అది నేను ఇక్కడి నుంచి ఎలా చెప్పగలను?" అన్నారు కమిషనరు.

శనివారం, పురపాలక సంఘానికి పనిదినమే గనక, అచ్చియ్యమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని పదింటికి ఆఫీసుకు వెళ్లింది. గేటు తెరిచి ఉంది. వరండా తెరిచి ఉంది. పదకొండు గదులూ తెరిచి ఉన్నాయి. ఒక్కో గదిలోకీ తొంగి చూసి "బాబూ" అని పిలిచింది. పైన ఒక ఫ్యాను తిరుగుతోంది. కమిషనరు కుర్చీలో పిల్లి పడుకుని ఉంది, ఆమెను చూసి అది కూడా లేచి వెళ్లిపోయింది.

ఎవరైనా వస్తారేమోనని బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా నోటీసు బోర్డు మీద 'ఖాళీకి ఖాతరీ' నిబంధనలు అంటించి ఉన్నాయి. మొత్తం పదిహేడు, రెండు బారల కాగితం. ఊరికే కూర్చోవడం ఎందుకని లేచి వేలు ఆనించి మొదటినుంచి మొదలుపెట్టింది.

మొదటి మూడు నిబంధనలకు పన్నెండయింది. ఆరోది చదివేటప్పటికి భోజనం వేళ. తెచ్చుకున్న పెరుగన్నం బెంచీ మీద తిని, చేయి కడుక్కుని మళ్లీ మొదలెట్టింది. 'యథాతథ శూన్యస్థితి' అన్న మాట దగ్గర పది నిమిషాలు పట్టింది. తొమ్మిదో నిబంధన మూడుసార్లు చదివింది. పదమూడు దగ్గర కళ్లు మండాయి. పద్నాలుగో నిబంధన చదివి వెనక్కి వెళ్లి తొమ్మిది మళ్లీ చదివింది. పదిహేడు పూర్తయి వేలు కిందికి దించేసరికి గోడ గడియారం అయిదు కొట్టింది. అంతసేపూ ఆ కట్టడంలోకి ఒక్క మనిషీ రాలేదు.

అవి చదివిన మొట్టమొదటి మనిషి తానేనని ఆమెకు తెలియదు. కూర్మారావు వగైరాలకు నిబంధనలు ఒకరు చెబితే ఇంకొకరు విన్నవి. చెప్పిన కమిషనరుగారు వాటిని రాయించారు గాని, రాసిన గుమస్తా బదిలీ అయి వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున్న అచ్చియ్యమ్మ తన అరుగు మీద గుమస్తాలు తెరిచిన కౌంటరులోనే రెండు రూపాయలిచ్చి కొత్త దరఖాస్తు కొంది. తన వెనక పోర్షనులో కూర్చుని నింపింది. పట్టుకొచ్చి కూర్మారావుకు ఇచ్చింది. అతను ముద్ర వేశాక చదివాడు. చదివాక, వేసిన ముద్ర వంక చూశాడు.

"మామ్మగారూ, ఇది మీ ఇల్లు కాదు కదండి."

"ఏ కట్టడమైనా, ఎవరిదైనా అన్నావు కదా బాబూ."

దరఖాస్తు త్రినాథరావు చేతికి, అక్కణ్నుంచి కమిషనరు చేతికి వెళ్లింది. కమిషనరు బీరువాకు ఆనుకుని నిలబడి పైకే చదివారు. 'యజమాని, తాటిమెరక పురపాలక సంఘం. గదులు, పదకొండు. ఖాళీ అనుటకు ఆధారం: నేను శనివారం పదింటి నుంచి అయిదింటి దాకా, ఒక పూర్తి పనిదినం, అక్కడ ఉండి చూశాను. మనుషులు లేరు. పిల్లి ఉంది, అది మధ్యలో వెళ్లిపోయింది.'

"ఇది పొరపాటు. మన ఆఫీసు ఖాళీగా లేదు," అన్నారు కమిషనరు.

"అక్కడ ఎవరున్నారండి?" అంది అచ్చియ్యమ్మ.

"సిబ్బంది."

"సిబ్బంది ఇక్కడున్నారు కదండి."

"ఇక్కడ మేము లేనట్టే లెక్క."

"అందుకేనండి అక్కడ కూడా చూసొచ్చాను."

కమిషనరు త్రినాథరావు వంక చూశారు. త్రినాథరావు కూర్మారావు వంక చూశాడు. కూర్మారావు గొంతు సవరించుకున్నాడు.

"సార్, తిరస్కరించాలంటే నిన్న ఆఫీసులో మనం ఉన్నట్టు రాయాలండి. అలా రాస్తే ఇక్కడ పరిశీలన జరగనట్టండి. జరగకపోతే పరిశీలన భత్యం లేదండి. తీసుకున్నవాళ్లు వెనక్కి కట్టాలండి."

పోర్షను లోపల నిద్రపోతున్న ఇద్దరూ లేచి కూర్చున్నారు.

"స్వీకరిస్తే?" అన్నారు కమిషనరు.

అచ్చియ్యమ్మ అందుకుంది. "గదికి ఒకరు చొప్పున మీరంతా అక్కడికి వెళ్లి పదిహేను రోజులు చూడాలండి. నాలుగో నిబంధన. పదకొండు గదులు, మీరు పదకొండు మంది. భత్యం కూడా వస్తుందండి. పదమూడోది చదివాను, పెద్ద కట్టడాలకు ఒకటిన్నర రెట్లు."

ఈ సంగతి పదకొండు మందిలో ఎవరికీ తెలియదు. నీళ్ల విభాగం గుమస్తా తువ్వాలు మడతపెట్టడం మొదలెట్టాడు.

"మరి మీ గృహం?" అని త్రినాథరావు అనుమానంగా అడిగాడు. "ఇక్కడ ఇంకా పదిహేను రోజులు పూర్తి కాలేదే."

"పద్నాలుగోది చూడండి బాబూ. 'పరిశీలన నడుచుచుండగా సిబ్బంది వేరొక కట్టడమునకు తరలిన యెడల, మొదటి కట్టడము నాటితో ఖాళీ అయినట్లు ఎంచి ఖాతరీ పత్రము ఇవ్వవలెను.'" ఆమె కళ్లు మూసుకుని, గాల్లో వేలు కదుపుతూ అప్పజెప్పింది. ఒక్క మాట కూడా వదల్లేదు. ఆమెకు వదలడం రాదు.

కమిషనరు కాసేపు శూన్యంలోకి చూశారు. అధికారికంగా ఆయన చూసిన మొదటి శూన్యం అదే. తర్వాత పెన్ను తీశారు.

పత్రం అప్పటికప్పుడే బీరువా మీద రాశారు. 'సదరు మధ్య పోర్షనును నేటి ఉదయము పదకొండు గంటలకు మేమే ఖాళీ చేసినందున అది ఖాళీగా ఉన్నదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.'

ట్రాక్టరు వచ్చింది. బీరువా ఎక్కింది, మడతమంచం ఎక్కింది, ఆవకాయ జాడీ ఎక్కింది. కూర్మారావు బకెట్టు మరిచిపోయి మళ్లీ తిరిగొచ్చాడు. అరుగు మీది జనం ట్రాక్టరు వెనక నడిచారు. వాళ్ల వెనక మంగాయమ్మ పెనం నెత్తిన పెట్టుకుని బయల్దేరింది.

"నువ్వెక్కడికే?" అంది అచ్చియ్యమ్మ.

"ఖాళీ ఎటు పోతే అటే వదినా," అంది మంగాయమ్మ.

సోమవారం ఎనిమిదింటికి రత్నకుమారి వచ్చేసరికి మధ్య పోర్షను గచ్చు కడిగి ఉంది. గుమ్మానికి సున్నం ఇంకా తడిగా ఉంది. ఆమె లోపలికి వెళ్లి, రెండు గదులూ తిరిగి, కిటికీ తలుపు తెరిచి, ఎవరూ లేరని తన కళ్లతో తనే చూసుకుంది. దానికి రెండు నిమిషాలు పట్టింది. కాలవ అవతల ఇంటికి కట్టాల్సిన అడ్వాన్సు కవరు సంచీలోంచి తీసి అచ్చియ్యమ్మ చేతిలో పెట్టింది.

శ్రావణంలో అచ్చియ్యమ్మ ఇంటిపన్ను కట్టడానికి ఆఫీసుకు వెళ్లింది. పదకొండు గదుల్లోనూ పదకొండు మంది ఎవరి కుర్చీల్లో వాళ్లు కూర్చున్నారు. ఎదురుగా పుస్తకాలున్నాయి. వరండాలో జనం వరస కట్టి ఉన్నారు, వాళ్లతో ఎవరూ మాట్లాడటం లేదు. గేటు దగ్గర పెసరట్టు వాసన.

"పన్ను కట్టాలి బాబూ," అంది.

కూర్మారావు తల ఎత్తకుండా, పెదవులు మాత్రం కదిపాడు. "పరిశీలన నడుస్తందండి మామ్మగారూ. మేము లేనట్టే లెక్క."

"పదిహేను రోజులయి చాలా రోజులయింది కదా."

"పద్నాలుగో రోజున కమిషనరుగారు తన గదిలోంచి లేచి తనిఖీకి వచ్చారండి. ప్రతి గదిలోనూ మనిషి కనబడ్డాడు. లెక్క మళ్లీ మొదటికొచ్చిందండి. ఇది మూడోసారి."

"ఊళ్లో వాళ్లెవరూ అడగలేదా?"

"ఏం అడుగుతారండి? తేడా తెలియలేదంటున్నారు."

ఆమె పన్ను డబ్బు మళ్లీ చీర కొంగున ముడేసుకుని మెట్లు దిగబోయింది. కూర్మారావు చుట్టూ చూసి, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, వెనకే రెండడుగులు వచ్చాడు.

"మామ్మగారూ, ఎరువుల కొట్టు గుమస్తాగారు సొంతిల్లు కడుతున్నారంట కదండి. ఆ ముందు పోర్షను ఖాళీ అయితే నాకు చెప్పండి. ఈసారి నిజంగా అద్దెకే ఉంటానండి. మీ ఇంట్లో గాలి బానే వస్తది."

అచ్చియ్యమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. నెమ్మదైన మనిషే. ముగ్గు తొక్కడు.

"లేనట్టు లెక్కలో ఉన్నవాడికి ఇల్లెలా ఇస్తాను నాయనా?" అంది. "ఒకటో తారీకున వచ్చి తలుపు కొడితే ఎవరు పలుకుతారు?"

ఇంటికొచ్చి, రత్నకుమారి ఇచ్చిన మొదటి నెల అద్దె పాలడబ్బాలో వేసింది. ఆ నెల ఇంటిదే అనుకుంది. కప్పు ఇంకా కారుతోంది.